వెళ్ళేటప్పుడు ఏడుస్తుంది, వచ్చాక మొహం తిప్పేసుకుంటుంది

ప్రశ్న: మా పాపకి 10 నెలలు. నెలన్నర క్రితం మళ్ళీ ఉద్యోగంలో చేరాను. పగలంతా మా అమ్మ చూసుకుంటుంది. పొద్దున్న నేను చెప్పులేసుకుంటే చాలు, గుక్కపట్టి ఏడుస్తుంది. చూడలేక, ఈమధ్య తను ఆటలో ఉన్నప్పుడు చెప్పకుండా జారుకుంటున్నాను. సాయంత్రం ఆత్రంగా వచ్చి చేతులు చాపితే మొహం తిప్పేసుకుని అమ్మమ్మ భుజం మీద వాలిపోతుంది. ఆ తర్వాత పడుకునేదాకా చంక దిగదు. బాత్రూంకి వెళ్ళినా తలుపు దగ్గర ఏడుపే. రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తోంది. వాళ్ళ నాన్న ఎత్తుకోబోతే నా వైపే చేతులు చాపుతుంది. "ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుని అలవాటు చేశావు" అంటారు మా అత్తగారు. నన్ను మర్చిపోతోందా, లేక నేనే పాడుచేశానా? ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: మర్చిపోలేదమ్మా. మర్చిపోతే మీరు చెప్పులేసుకోవడం చూసి ఎందుకు ఏడుస్తుంది? చెప్పులకీ, మీరు కనబడకుండా పోవడానికీ ఉన్న సంబంధం 10 నెలల పిల్ల పట్టేసింది. ఆ ఏడుపు చూసి మీరు భయపడుతున్నారు. నాకైతే పాప మీకు బాగా మాలిమి అయిందని అర్థమవుతోంది.

ఈ వయసులోనే ఇంత పట్టు ఎందుకో తెలిస్తే మీ బెంగ సగం తగ్గుతుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే బిడ్డ తల్లి గొంతునీ, వాసననీ గుర్తుపడుతుంది. అయినా మొదటి నెలల్లో ఎవరు ఎత్తుకుని ఊపినా చాలామంది పిల్లలు ఊరుకుంటారు. "నాకు ఈ మనిషే కావాలి" అనే పట్టు సాధారణంగా 6, 8 నెలల మధ్య మొదలవుతుంది. కొత్తవాళ్ళని చూసి బెదరడమూ అప్పుడే. దాదాపు అదే సమయంలో ఇంకొకటి జరుగుతుంది. బొమ్మ మీద గుడ్డ కప్పితే పాప గుడ్డ లాగి వెతకడం మొదలుపెడుతుంది. అంతకుముందు కంటికి కనబడనిది లేనట్టే. ఇప్పుడు కనబడకపోయినా ఎక్కడో ఉందని తెలుసు. అమ్మ విషయంలో ఈ తెలివి సగమే వచ్చింది. అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, మళ్ళీ వస్తుందో రాదో, ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదు. సాయంత్రం అనే మాటకి ఆ వయసులో అర్థం లేదు. ఈ బెంగ 10 నుంచి 18 నెలల మధ్య బాగా ఎక్కువగా ఉండి, ఆ తర్వాత మెల్లగా సడలుతుంది. మీరు సరిగ్గా ఎనిమిదిన్నర నెలలప్పుడు ఉద్యోగంలో చేరారు. ఇంట్లోనే ఉండిపోయిన తల్లుల పిల్లలు కూడా ఇదే వయసులో ఇలాగే చంకకి అతుక్కుపోతారు.

మార్చవలసింది ఒకటుంది. చెప్పకుండా జారుకోవడం. మీరు చేసేది ప్రేమతోనే, కానీ పాప వైపు నుంచి చూడండి. ఆడుకుంటూ తలెత్తి చూస్తే అమ్మ లేదు. నేను ఆటలో పడితే అమ్మ మాయమవుతుంది, ఇదీ తను నేర్చుకునే పాఠం. అలాంటప్పుడు ఇక ఆటలో ఎలా పడుతుంది? కాపలా కాస్తుంది. సాయంత్రం చంక దిగకపోవడం, బాత్రూం తలుపు దగ్గర ఏడుపు, రాత్రి లేచి మీరున్నారో లేదో చూసుకోవడం... మీరు విడివిడిగా రాసిన ఈ మూడింటిలోనూ వయసు పాలు కొంత ఉంది, మిగతాది చాలావరకు ఈ కాపలాయే అనుకుంటున్నాను. పొద్దున్న తప్పించుకున్న ఐదు నిమిషాల ఏడుపు రోజంతా వాయిదాల్లో వసూలవుతోంది.

రేపటి నుంచి ఇలా చేసి చూడండి. బయలుదేరడానికి 15, 20 నిమిషాల ముందే మీ తయారీ అంతా ముగించండి. బ్యాగు గుమ్మం దగ్గర పెట్టేయండి. ఆ సమయం నేల మీద పాప పక్కన కూర్చుని, మీ అమ్మగారిని కూడా ఆటలోకి పిలవండి. మీ ముందే పాప ఆవిడ ఒళ్ళోకి చేరాలి. మీ చంకలోంచి లాక్కుని వెళ్ళినట్టు ఉండకూడదు. అందుకని బిడ్డని మీ చేతుల్లోంచి ఆవిడ తీసుకోవడం కాదు, మీరే ఆవిడ చేతుల్లో పెట్టండి. తర్వాత పాప కళ్ళలోకి చూసి ఒకే మాట, రోజూ అదే మాట చెప్పండి: "అమ్మ వెళ్ళొస్తుంది. సాయంత్రం వచ్చి నిన్ను ఎత్తుకుంటుంది." ఒక ముద్దు, ఒక టాటా, అంతే. మొత్తం నిమిషం దాటకూడదు. మాట అర్థం కాకపోయినా, ఈ మాట తర్వాత అమ్మ వెళ్తుంది, వెళ్ళిన అమ్మ వస్తుంది అనే వరస పట్టుబడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే మొదటి పొరపాటు ఒకటుంది. గుమ్మం దాటాక ఏడుపు విని వెనక్కి రావడం. ఎంత గట్టిగా ఏడిస్తే అమ్మ అంత తొందరగా తిరిగొస్తుందని తెలిశాక ఏ బిడ్డ మాత్రం తొందరగా ఊరుకుంటుంది? రెండో పొరపాటు మీ మొహం. ఏడాది దగ్గరపడిన పిల్లలు ఏదైనా తెలియని పరిస్థితి వస్తే ముందు అమ్మ మొహం చూస్తారు, ఇది భయపడాల్సిందా కాదా అని. మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్తే జవాబు అక్కడే దొరుకుతుంది. ఏడుపొస్తే రానివ్వండి, కాకపోతే మలుపు తిరిగాక.

పాప ఏడవకుండా ఉంటుందని మాత్రం ఆశించకండి. ఏడుస్తుంది. మొదటి వారం ఇంకాస్త ఎక్కువే ఏడవొచ్చు. అమ్మమ్మ "ఏం లేదు, ఏం లేదు" అని మాట మళ్ళించకుండా, ఎత్తుకుని "అమ్మ వెళ్ళింది కదూ, బెంగొచ్చింది కదూ" అని వీపు నిమురుతూ ఉంటే చాలు. ఆవిడని ఒక చిన్న పని అడగండి. తలుపు మూసిన దగ్గర్నుంచి పాప తనంతట తాను ఏదైనా వస్తువు చేతిలోకి తీసుకునేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ రాసి పెట్టమనండి. ఎక్కువమంది పిల్లలు కొద్ది నిమిషాల్లోనే తేరుకుంటారు. మీ ఊహలో మాత్రం పాప పగలంతా ఏడుస్తూనే ఉంటుంది. ఆ కాగితం మీద ఉన్న అంకె మీకోసమే.

ఇక సాయంత్రం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ మొహం తిప్పుకోవడమే.

మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు ఏడాది వయసు పిల్లల్ని ఇలాంటి ఘడియలోనే గమనించారు. బొమ్మలున్న గదిలోంచి తల్లి కొద్ది నిమిషాలు బయటికి వెళ్ళి తిరిగొస్తుంది. వెళ్ళినప్పటి ఏడుపు కంటే, వచ్చాక బిడ్డ చేసేదే ఎక్కువ విషయం చెబుతుందని ఆవిడ తేల్చారు. కొందరు తల్లిని వాటేసుకుని, ఊరడిల్లి, మళ్ళీ ఆటకి వెళ్తారు. కొందరు మొహం తిప్పుకుంటారు. అలా ఏమీ పట్టనట్టు ఉన్న పిల్లల గుండె వేగం కూడా పెరిగే ఉందని తర్వాతి పరిశోధకులు కొలిచి చూపించారు. అంటే పైకి తిప్పుకున్నా లోపల అమ్మ రాక తెలుస్తూనే ఉంది. ఇది చదివి పాపకి ఏ పేరూ పెట్టకండి. అది శిక్షణ పొందినవాళ్ళు ఒక పద్ధతిలో చేసే పరిశీలన, రోజంతా అలిసిన బిడ్డని గుమ్మంలో చూసి ఇంట్లో చెప్పే తీర్పు కాదు. పైగా మీ పాప కాసేపటికి మీ చంకెక్కి దిగడం లేదని మీరే రాశారు. రావడం లేదనుకోవాల్సిన పని లేదు, రావడానికి కాస్త వ్యవధి కావాలి.

ఆ వ్యవధి ఇవ్వండి. తలుపు తీయగానే చేతులు చాపకండి. కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఫోను వేరే గదిలో పెట్టి, పాపకి రెండు మూడు అడుగుల దూరంలో నేల మీద కూర్చోండి. పాప ఇంకా అమ్మమ్మ భుజం మీదే ఉంటుంది, ఉండనివ్వండి. "అమ్మ వచ్చేసింది" అనండి, పొద్దున్న మాటకి ఇది జత. చేతికి దొరికిన మూతో గిన్నో తీసుకుని మీరే నెమ్మదిగా ఆడండి. పాప ఓరగా ఒకసారి చూస్తుంది. మీరూ చూసి నవ్వండి, కానీ లాక్కోకండి. చూపు మళ్ళిస్తుంది, మళ్ళీ చూస్తుంది. కాసేపటికి కిందకి దిగడానికి కాళ్ళు ఆడిస్తుంది. దోగాడుతూ వచ్చి మీ మోకాలి మీద చెయ్యి వేసినప్పుడు ఎత్తుకోండి. ఆ తర్వాత అరగంట ఇంకే పనీ పెట్టుకోకండి.

ఫోను సంగతి ఊరికే అనలేదు. 1970ల్లో ఎడ్ ట్రానిక్ అనే పరిశోధకుడు తల్లుల్ని రెండు మూడు నిమిషాల పాటు మొహంలో ఏ కదలికా లేకుండా పిల్లల ఎదుట కూర్చోమన్నాడు. నెలల పసికందులు ముందు నవ్వారు, చేతులు చాపారు, కేక పెట్టారు, చివరికి ఓడిపోయి మొహం తిప్పేసుకున్నారు. తెర చూస్తున్నప్పుడు మన మొహమూ దాదాపు అలాగే ఉంటుంది. ఆయన పనిలోంచే ఇంకో మంచి మాట కూడా ఉంది. మామూలుగా ఆడుకునేటప్పుడు కూడా తల్లీబిడ్డల శ్రుతి చాలాసార్లు తప్పుతూనే ఉంటుంది. తప్పినప్పుడల్లా మళ్ళీ కలుపుకోవడం వల్లే నమ్మకం పెరుగుతుంది. ఈ నెలన్నరలో మీరు జారుకున్న పొద్దులన్నీ అలా కలుపుకోగలిగినవే.

బాత్రూంకి వెళ్ళేటప్పుడు కూడా చెప్పి వెళ్ళండి, లోపల్నుంచి మాట్లాడుతూ ఉండండి. గొంతు వినబడితే కొంత ఊరట. పగలు దోబూచులాడండి. మొదట మీ మొహం గుడ్డతో కప్పి, తర్వాత తలుపు చాటున రెండు క్షణాలు, కొన్నాళ్ళకి పక్క గదిలో అర నిమిషం. కనబడకపోయినా వస్తుందని నేర్పే ఆట అది. రాత్రి లేచినప్పుడు లైటు వేయకుండా, కబుర్లు చెప్పకుండా, చెయ్యి వేసి తట్టండి. అవసరమైతే ఎత్తుకోండి. కొత్తగా ఒంటరిగా పడుకోబెట్టే ప్రయోగాలు ఈ నెలలో వద్దు.

వాళ్ళ నాన్నకి కావలసింది ఒక సొంత పని. బిడ్డ అన్నం పెట్టినవాళ్ళకే చేరిక అవుతుందనేది నిజం కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని చూసి 1964లో ప్రచురించిన అధ్యయనంలో, తమ సైగలకి బదులిచ్చి ఆడించేవాళ్ళకి పిల్లలు దగ్గరయ్యారు. ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది ఒకరికంటే ఎక్కువమందికి మాలిమి అయ్యారు కూడా. స్నానమో, బట్టలు మార్చడమో, రోజూ 20 నిమిషాలు మొత్తం ఆయనదే కావాలి. నిద్రా ఆకలీ లేని వేళ చూసుకోండి. ఆ సమయంలో మీరు పక్కన నిలబడి "అలా కాదు, ఇలా పట్టుకో" అనకండి. నిద్ర వేళకి అమ్మే కావాలంటే, దాన్ని ఆయన ఓటమిగా తీసుకోనక్కర్లేదు.

అత్తగారి మాటకి వస్తే, పెద్దవాళ్ళ తరంలో చాలామందికి అలాగే చెప్పారు, ఆవిడ తప్పు లేదు. కానీ ఏడవగానే ఎత్తుకోవడం వల్ల పసిబిడ్డ పాడవదు. 1972లో వచ్చిన ఒక పరిశీలనలో, మొదటి నెలల్లో ఏడుపుకి వెంటనే బదులు దొరికిన పిల్లలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చినట్టు కనబడింది. దాని మీద తర్వాత వాదాలు జరిగాయి. ఎత్తుకోవడం హాని అని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

ఉద్యోగం మానడం మీ ఇష్టం, మీ ఇంటి పరిస్థితి. పాప అనుబంధం కోసమే అయితే మానక్కర్లేదు. అమెరికాలో 1991లో వెయ్యికి పైగా పిల్లలతో మొదలైన పెద్ద అధ్యయనంలో, తల్లి కాక వేరేవాళ్ళు చూసుకోవడం అనే ఒక్క కారణంతో అనుబంధం దెబ్బతినలేదు. తల్లి బిడ్డ సైగలు ఎంత బాగా గమనిస్తుందన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. మీకు నమ్మకమైన ఒకే మనిషి, ఒకే ఇల్లు ఉన్నాయి. చూసుకునేవాళ్ళని తరచూ మార్చకుండా ఉంటే చాలు.

రెండు సంగతులు తేలిగ్గా తీసుకోవద్దు. ఏడాది నిండేసరికి పాప పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, కళ్ళలోకి చూడకపోతే, బాబా దాదా లాంటి శబ్దాలు గానీ, టాటా చెప్పడం, చెయ్యి చాపి చూపించడం లాంటి సైగలు గానీ లేకపోతే, లేదా వచ్చినవి పోతే, ఏ వయసులోనైనా సరే పిల్లల డాక్టరుకి చూపించండి. రెండోది మీరు. రెండు వారాలకు పైగా రోజూ దిగులు, పాప పడుకున్నా నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం ఉంటే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, చికిత్సకి బాగా లొంగుతుంది. మీకు గానీ బిడ్డకి గానీ హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మూడు వారాలు ఇలా చేశాక, అమ్మమ్మ రాసిన నిమిషాలు మొదటి రోజువీ చివరి రోజువీ పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గకపోతే ఆ కాగితంలో ఉన్నది యథాతథంగా నాకు రాయండి, పాప ఎన్నింటికి లేస్తుంది, ఎన్నింటికి నిద్రపోతుంది అన్నది కూడా కలిపి.