158 మైక్రాన్ల గీతను ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: అయనీకరణ చెందిన కార్బన్ 158 మైక్రాన్ల దగ్గర పరారుణ గీత (వర్ణపటంలో ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర కనిపించే కాంతి) ఇస్తుందని చదివాను. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులోని మిరి పరికరం 28 మైక్రాన్లు దాటి చూడదు కదా, మరి దూరపు క్వేసార్లలో (భారీ కృష్ణబిలం వల్ల వెలిగే గెలాక్సీ కేంద్రాల్లో) ఆ గీతను దేంతో పట్టుకుంటారు? దాన్నిబట్టి వాయువు గురించి ఏం తెలుస్తుంది?
– ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: రేడియో టెలిస్కోపులతోనే. విశ్వ వ్యాకోచం వల్ల ఆ గీత సాగి సాగి మనదాకా వచ్చేసరికి మిల్లీమీటరు తరంగమవుతుంది. దాని అసలు పౌనఃపున్యం 1900.54 గిగాహెర్ట్జ్. రెడ్‌షిఫ్ట్‌కు (తరంగదైర్ఘ్యం ఎంత సాగిందో చెప్పే సంఖ్యకు) 1 కలిపి, వచ్చినదాంతో దీన్ని భాగించండి. జె1148+5251 అనే క్వేసార్ రెడ్‌షిఫ్ట్ 6.42, 7.42తో భాగిస్తే 256.1 గిగాహెర్ట్జ్, అంటే 1.17 మిల్లీమీటర్లు. 2005లో స్పెయిన్‌లోని ఐరామ్ సంస్థ 30 మీటర్ల డిష్ దాన్ని సరిగ్గా అక్కడే పట్టుకుంది. చిలీలోని ఆల్మా అనే రేడియో టెలిస్కోపుల సముదాయానికి ఈ క్వేసార్ అంతగా అందదు. బాగా ఉత్తరాన ఉండడంతో అక్కడ దిగంతం మీద 15 డిగ్రీల ఎత్తుకు కూడా రాదు.

లెక్క తేలికే, చిక్కులు వేరే ఉన్నాయి. రెడ్‌షిఫ్ట్ 3.94, 4.09 మధ్య ఉంటే గీత 380 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల పడుతుంది. అక్కడ మన వాతావరణంలోని నీటి ఆవిరి దాన్ని మింగేస్తుంది. ఆల్మా 7, 8 బ్యాండ్ల (పౌనఃపున్య శ్రేణుల) మధ్య ఖాళీ వదిలింది అందుకే. ఇంకో చిక్కు ట్యూనింగ్‌ది. ఆల్మా స్పెక్ట్రల్ విండో (గీత కోసం ఎంచుకునే పౌనఃపున్యాల పట్టీ) వెడల్పు 1.875 గిగాహెర్ట్జ్, 256 గిగాహెర్ట్జ్ దగ్గర వేగంలో చెబితే అది సుమారు 2200 కి.మీ./సె. క్వేసార్ రెడ్‌షిఫ్ట్‌ను అతినీలలోహిత సీ-4 (మూడు ఎలక్ట్రాన్లు ఊడిన కార్బన్) గీత నుంచి తీసుకుంటే వెయ్యి కి.మీ./సె. పైగా తేడా రావచ్చు, ఎందుకంటే ఆ గీత కృష్ణబిలం దగ్గర మనవైపు ఎగసివచ్చే వాయువుది. విండో మధ్యలో ఉండాల్సిన గీత అంచుకో బయటికో జారుతుంది. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోవడం మేలు.

ఇక వాయువు సంగతి. కార్బన్ నుంచి ఎలక్ట్రాన్ ఊడడానికి 11.26 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, హైడ్రోజన్‌కు 13.6 కావాలి. కాబట్టి ఈ గీత తటస్థ వాయువు నుంచీ వస్తుంది, అయనీకృత వాయువు నుంచీ వస్తుంది. విడదీయాలంటే 205 మైక్రాన్ల నైట్రోజన్ గీతను కూడా కొలవాలి. నైట్రోజన్‌కు 14.5 కావాలి గనుక అది అయనీకృత వాయువుదే. కార్బన్ గీత ఒక్కదాన్ని చూసి నక్షత్రాలు ఎంత వేగంగా పుడుతున్నాయో తేల్చేసే వ్యాసాలను కాస్త అనుమానంగానే చదవండి: మామూలు గెలాక్సీల్లో దూర పరారుణ కాంతిలో 0.1 నుంచి 1 శాతం ఈ గీతదైతే, జె1148లో అది 0.02 శాతమే.

ప్రశ్న: ధూళి చాటున కృష్ణబిలం ఉందో, నక్షత్రాలే ఉన్నాయో మిరి ఎలా చెబుతుంది?
– ఔత్సాహిక పరిశీలకుడు, గుంటూరు

జవాబు: నియాన్‌తో. నాలుగు ఎలక్ట్రాన్లు ఊడిన నియాన్ గీత 14.32 మైక్రాన్ల దగ్గర వస్తుంది. అందుకు 97 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, మామూలు నక్షత్రాలకు అంత శక్తి లేదు. రెడ్‌షిఫ్ట్ 0.9 దాటితే ఈ గీత మిరి చేజారుతుంది, అప్పుడు 7.65 మైక్రాన్ల దగ్గరున్న మరో నియాన్ గీతను చూడాలి, అది 2.6 దాకా దొరుకుతుంది. ఒక జాగ్రత్త: డిటెక్టర్ లోపల కాంతి అటూ ఇటూ పరావర్తనం చెందడం వల్ల వర్ణపటంలో అలలు పడతాయి, బలహీనమైన గీత వాటిలో కలిసిపోతుంది. టెలిస్కోపును కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన నాలుగు చిత్రాల్లోనూ అదే తరంగదైర్ఘ్యం దగ్గర కనిపిస్తేనే గీతగా లెక్కలోకి తీసుకోండి.