అడవి బ్లాక్‌బెర్రీలతో వైన్: ఇంగ్లండు పోయే మన పిల్లలకు

ప్రశ్న: అక్కా, ఇంగ్లండులో పొదల నిండా బ్లాక్‌బెర్రీలు ఊరికే కాస్తాయంట, వాటితో గదిలోనే వైన్ చేసుకోవచ్చంట, నిజమేనా? చట్టం ఒప్పుకుంటుందా? సెప్టెంబరులో మాస్టర్స్‌కి బయల్దేరుతున్నాను. – ఒక తమ్ముడు, తిరుపతి

నిజమే తమ్ముడూ. జులై ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా కాపు ఉంటుంది. నువ్వు దిగేసరికి చివరి పండ్లు దొరుకుతాయి. నేను చిత్తూరులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడినదాన్ని. అందుకే పద్ధతి చెప్పేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి.

తలకోన దారిలోనో, హార్సిలీ హిల్స్ మీదో కలివి పండ్లు, పరికి పండ్లు, బలుసు పండ్లు కోసుకు తిన్న మనకు అడవి పండంటే భయం ఉండదు. ఆ ధైర్యం అక్కడ పనికిరాదు. మన కళ్ళు గుర్తుపట్టేది మన కొండల్లోని చెట్లను మాత్రమే. నాకు అన్నిటికంటే భయం కామంచితో. మనవైపు మణతక్కాళి అని దాని ఆకు వండుకుంటాం, నల్లగా మాగిన పండ్లు నోట్లో వేసుకుంటాం. దక్షిణ ఇంగ్లండులో సున్నపు నేలల్లో డెడ్లీ నైట్‌షేడ్ అనే మొక్క పెరుగుతుంది. అదీ కామంచి కుటుంబమే. పండు నల్లగా నిగనిగలాడుతుంది, కాస్త తియ్యగా కూడా ఉంటుంది, ప్రాణం తీస్తుంది. కామంచి పండ్లు చిన్నవి, గుత్తులుగా కాస్తాయి. ఇది కాడకు ఒక్కటే, చిన్న చెర్రీ అంత, దాని కింద అయిదు పచ్చటి రేకులు విచ్చుకుని ఉంటాయి. గుర్తులు చెప్పాను కదా అని పరీక్షించి చూడొద్దు. నున్నటి నల్లపండు ఏది కనబడినా వదిలేసి రా.

బ్లాక్‌బెర్రీకి ఆ ప్రమాదం లేదు. కుప్పం, పలమనేరు వైపు పట్టుపురుగుల తోటల్లో మల్బరీ పండు చూసుంటావు. ఆకారం దాదాపు అదే, కానీ చెట్టుకు కాదు, ముళ్ళున్న తీగకు కాస్తుంది. మొదటి ఏడాది ఇదొక్కటే కోయి. ఎల్డర్‌బెర్రీతో కూడా మంచి వైన్ అవుతుంది గానీ దాన్ని పచ్చిగా తినకూడదు, కాడలు ఆకులు విషం, వేడిచేసి వాడాలి. అది అనుభవం వచ్చాక చూసుకోవచ్చు.

కోసేటప్పుడు నడుము ఎత్తుకు పైనున్న పండ్లే కోయి, కింద కుక్కలు తడిపి పోతుంటాయి. వాహనాలు తిరిగే రోడ్లు, కలుపుమందు కొట్టే రైలుపట్టాల పక్కన వద్దు. 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ ప్రకారం ఇంగ్లండు, వేల్స్‌లో వాటంతట అవే పెరిగిన మొక్కల పండ్లు సొంతానికి కోసుకుంటే దొంగతనం కాదు. అమ్ముకోవడానికి కోస్తే మాత్రం అవుతుంది. ఒకరి పొలంలోకి చొరబడటానికి ఇది అనుమతి కాదు, రక్షిత ప్రాంతాల్లో వేరే నిబంధనలుంటాయి.

ఇంట్లో తాగడానికి వైన్ చేసుకుంటే అక్కడ లైసెన్సు, పన్ను ఏమీ లేవు. ఒక్క సీసా అమ్మినా కథ మారుతుంది. దీపావళి కలయికలో ఎవరో ఒకరు ‘అయిదు పౌండ్లు ఇస్తాను, నాకో సీసా ఇవ్వు’ అంటారు. ఊరికే ఇవ్వు, డబ్బు తీసుకోకు. బట్టీ పెట్టి కాచడం, అంటే సారా తీయడం, లైసెన్సు లేకుండా నేరం. అమెరికా పోయిన స్నేహితులుంటే చెప్పు: అక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం ఒంటరి వ్యక్తి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దలున్న ఇల్లు 200 గ్యాలన్లు చేసుకోవచ్చు, వయసు 21 నిండాలి. పీలేరు, మదనపల్లె నుంచి కువైట్, సౌదీ పోయిన మనవాళ్ళు ఈ ఆలోచనే పెట్టుకోకూడదు. పట్టుబడితే జైలు, ఆపైన దేశం నుంచి పంపించేస్తారు. మన ఊళ్ళో ఇంట్లోనూ వద్దు, ఆంధ్రలో లైసెన్సు లేకుండా చేయడం నేరం.

మీ అమ్మ నాటుసారా మరణాల గురించి విని ఉంటుంది, ‘కళ్ళు పోతాయేమో’ అని భయపడుతుంది. పండ్లను పులియబెడితే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ చాలా కొద్దిగా పుడుతుంది, అది హాని చేసేంత ఉండదు. మనుషులు చచ్చిపోయేది మిథనాల్ కలిపిన కల్తీ సరుకుతో. నువ్వు కాచవు, బయట స్పిరిటు కలపవు. ఆమెకు ఇది విడమరిచి చెప్పు.

ఇక పని. నాలుగున్నర లీటర్లకు పండ్లు కిలో ముప్పావు నుంచి రెండు కిలోలు, చక్కెర కిలో. చిత్తూరు బెల్లం మూట కట్టుకుని పోతావేమో, దాన్ని పొంగలికి దాచుకో. బెల్లం వాసన పండు రుచిని మింగేస్తుంది. హోమ్‌బ్రూ సామాన్ల దుకాణంలో మూతున్న ప్లాస్టిక్ బకెట్, డెమిజాన్ అనే గాజు జాడీ, ఎయిర్‌లాక్, సైఫన్ గొట్టం, హైడ్రోమీటర్, శుభ్రంచేసే పొడి, వైన్ ఈస్ట్, ఈస్టుకు పోషకం, పెక్టిక్ ఎంజైమ్ (వైన్ మసకబారకుండా), క్యాంప్డెన్ మాత్రలు (సూక్ష్మజీవులను అణిచే సల్ఫైట్) కొను. ఊరగాయ పెట్టిన బకెట్ వాడొద్దు, ఆ వాసన పోదు. పులుపు తగిలితే ఇత్తడి, రాగి, అల్యూమినియం కరుగుతాయి. స్టీలు పరవాలేదు.

శుభ్రం దగ్గర మాత్రం ఏ కొంచెం తగ్గినా ఒప్పుకోను. ఈతకల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసిపోతుంది కదా, గాలిలోని సూక్ష్మజీవులు ఎంత తొందరపడతాయో దాన్నిబట్టే తెలుస్తుంది. రసాన్ని తాకే గరిటె, గొట్టం, గుడ్డ ప్రతిదాన్నీ ఆ పొడి కలిపిన నీళ్ళలో ముంచి తీయాలి.

పండ్లను ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచితే లోపలి పురుగులు బయటికొస్తాయి. కడిగి ఫ్రీజర్‌లో పెట్టు. గడ్డకట్టి కరిగితే రసం బాగా దిగుతుంది. తర్వాత బకెట్లో నలిపి, చక్కెర కరిగించిన మరిగే నీళ్ళు పోయి. చల్లారాక ఒక క్యాంప్డెన్ మాత్ర పొడిచేసి కలుపు (ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ సల్ఫైట్ పడకపోవచ్చు, వాళ్ళకు ఈ వైన్ ఇవ్వకు). పన్నెండు గంటలకు పెక్టిక్ ఎంజైమ్, మరో పన్నెండు గంటలకు ఈస్ట్, పోషకం.

ఈస్ట్ వేసేముందు హైడ్రోమీటర్ ముంచి చూడు. మన గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి రసానికి బ్రిక్స్ చూస్తారే, ఇదీ ఆ తీపి లెక్కే. మామూలు నీళ్ళు 1.000 చూపిస్తే, తీపి రసం 1.085, 1.090 మధ్య ఉండాలి. తక్కువైతే కొంచెం చక్కెర, ఎక్కువైతే నీళ్ళు. 1.085 దగ్గర మొదలై 0.995 దగ్గర ఆగితే తేడాను 131తో హెచ్చించు, దాదాపు 12 శాతం ఆల్కహాల్. బీరు తాగినట్టు గ్లాసులకు గ్లాసులు తాగేది కాదు, తాగి కారెక్కడం అసలే వద్దు.

అయిదారు రోజులు మూత వదులుగా పెట్టి, పైకి తేలిన పిప్పిని రోజూ లోపలికి తొయ్యి. తర్వాత గుడ్డలో వడకట్టి జాడీలోకి పోసి ఎయిర్‌లాక్ బిగించు. లోపలి వాయువు బయటికి పోతుంది, బయటి గాలి, ఈగలు లోపలికి రావు. గాలి తగిలితే నెమ్మదిగా వెనిగర్ అవుతుంది. 18 నుంచి 24 డిగ్రీల వేడి చాలు. హీటర్ ఆపేసిన చలిగదిలో ఈస్ట్ నిద్రపోతుంది. బుడగలు ఆగాయి కదా అని పని అయిపోయిందనుకోవద్దు. రెండుమూడు రోజుల తేడాతో హైడ్రోమీటర్ ఒకే అంకె చూపాలి, అదీ 1.000 కంటే తక్కువ. ఇంకా పులుస్తున్నదాన్ని సీసాలో బిగిస్తే సీసా పేలి గాజుపెంకులు ఎగురుతాయి.

అడుగున పేరుకున్న మడ్డిని కదిలించకుండా పై వైన్‌ను సైఫన్‌తో వేరే జాడీలోకి దించు. రెండు మూడు నెలలకు మళ్ళీ. తేరుకున్నాక సీసాలు. అప్పుడు రుచి చూస్తే గరుగ్గా ఉంటుంది, పారబోయకు. ఆరు నెలలు ఆగితే మెత్తబడుతుంది, ఏడాదికి ఇంకా బాగుంటుంది.

సెప్టెంబరు 29న మైకేల్మస్ పండుగ దాటితే బ్లాక్‌బెర్రీల మీద దయ్యం ఉమ్మేస్తుందని అక్కడి పెద్దవాళ్ళు అంటారు. నిజంగానే ఆ తర్వాత వానలకు పండ్లు నీరుపట్టి బూజెక్కుతాయి. నువ్వు దిగిన మొదటి వారాల్లో బ్యాంకు ఖాతా, డాక్టరు దగ్గర నమోదు, ఇంటి ఒప్పందం పనులుంటాయి, సామాన్లు కొనేంత తీరిక ఉండదు. అందుకని సెలవు దొరికిన ఒక పూట పండ్లు మాత్రం కోసి ఫ్రీజర్‌లో పెట్టుకో, నెలల తరబడి ఉంటాయి. ఇంటి యజమాని ఒప్పుకుంటాడో లేదో అడిగి, తెల్ల కార్పెట్ లేని చోటు చూసుకుని, క్రిస్మస్ సెలవుల్లో మొదలుపెట్టు.