పాత ట్రాక్టర్ కొనాలా? బేరం మొదలుపెట్టే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి

ప్రశ్న: నాకు ఏడెకరాల పొలం ఉంది. ఇన్నాళ్లూ కిరాయి ట్రాక్టర్‌తోనే దున్నిస్తున్నాను. నేలలో పదును (దున్నడానికి సరిపడా తేమ) ఉన్న రోజు బండి దొరకదు, బండి దొరికేసరికి పదును పోతుంది. తెలిసినాయన ఒకరు 1960ల మొదట్లో వచ్చిన మాసీ ఫెర్గూసన్ 35 అమ్ముతున్నారు. మూడు సిలిండర్ల డీజిల్ బండి. కొత్తగా రంగు వేయించారు, వెనక టైర్లు కొత్తవి. కొత్త ట్రాక్టర్ ధరలో ఆరో వంతు చెబుతున్నారు. నా పొదుపంతా తీస్తే సరిగ్గా సరిపోతుంది. పాతకాలం ఇనుము గట్టిదని కొందరంటున్నారు. మా ఆవిడ మాత్రం తుక్కు కొనొద్దంటోంది. ఎలా తేల్చుకోవాలి? డబ్బు కాస్త తక్కువైతే వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు భయం వేసిన మాట ఒకటే. ‘పొదుపంతా తీస్తే సరిగ్గా సరిపోతుంది’ అన్నారు చూడండి, అది. అమ్మే ఆయన చెప్పేది బండి ధర మాత్రమే. మీకు పడేది ఆ ధరతో పాటు మొదటి ఏడాది బండి అడిగే రిపేర్లు కూడా. అరవై ఏళ్లు దాటిన బండి చేతులు మారిన ఏడాదే ఎక్కువ అడుగుతుంది, ఎందుకంటే పాత యజమాని ‘తర్వాత చూద్దాంలే’ అని వదిలేసినవన్నీ ఒక్కొక్కటిగా మీ హయాంలో బయటపడతాయి. ఆ సమయానికి చేతిలో డబ్బు లేకపోతే, చిన్న సీలు పోయినా బండి చెట్టు కింద నిలబడిపోతుంది. మీరు మళ్లీ కిరాయి బండి కోసం తిరుగుతూ ఉంటారు.

కాబట్టి ముందు పొదుపును విడదీయండి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి, దాని జోలికి వెళ్లకండి. మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులకు మించి బండికి ఇవ్వొద్దు. మూడో వంతు మొదటి ఏడాది రిపేర్లకు. ఈ లెక్కన మీరు పెట్టగలిగిన ధర ఆయన అడిగినదానికంటే బాగా తక్కువే తేలుతుంది. తేలనివ్వండి. ఆ అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాకే బండి చూడటానికి వెళ్లండి. రంగు తళతళలాడుతూ కనిపించాక లెక్కలు వేస్తే, మనసు కొనెయ్యమనే చెబుతుంది.

ఇప్పుడు బండి సంగతి. మీరు ఎంచుకున్న మోడల్ చెడ్డది కాదు. 35 మొదట 1956లో ఫెర్గూసన్ పేరుతో వచ్చింది. తొలి డీజిల్ బండ్లలో నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉండేది. చలిలో స్టార్ట్ అవ్వడానికి అది పెట్టే తిప్పలు అప్పట్లోనే అందరికీ తెలుసు. ఆ తర్వాత పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజన్ వచ్చింది, బండికి మంచి పేరు తెచ్చింది అదే. 1964లో 35 స్థానంలోకి వచ్చిన 135లో కూడా అదే కుటుంబానికి చెందిన ఇంజన్ పెట్టారు. అందుకే పిస్టన్లు, గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు, సీళ్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. డబ్బు కోణంలో చూస్తే పాత బండికి ఇంతకు మించిన బలం లేదు. ఎంత గట్టి ఇనుమైనా, పార్టు దొరక్కపోతే అది తుక్కు కిందే లెక్క. వేరే ఏదైనా అరుదైన పాత బండి చవగ్గా వస్తోందని ఎవరైనా చెబితే, ముందు దాని వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ ఎక్కడ దొరుకుతాయో అడగండి.

రెండో బలం, ఈ బండి ధర పడిపోవాల్సినంతా ఎప్పుడో పడిపోయింది. కొత్త ట్రాక్టర్ షోరూమ్ దాటిన రోజు నుంచే విలువ కోల్పోతుంది. పనిచేసే స్థితిలో ఉంచుకుంటే దీన్ని నాలుగేళ్ల తర్వాత కూడా కొన్న ధరకు దగ్గర్లో అమ్ముకోవచ్చు. అయితే మీరు కొనేది పనికి, మ్యూజియంలో పెట్టడానికి కాదు. పాత బండ్లు సేకరించేవాళ్లు అసలు రంగు, అసలు రేకులు, అసలు లైట్లు చూసి ఎక్కువ ఇస్తారు. కొత్త రంగు వేసిన బండికి ఆ విలువ రాదు, కాబట్టి ‘యాంటిక్ పీస్ అండీ’ అని ఆయన ధర పెంచితే ఒప్పుకోకండి.

చూడటానికి పొద్దున్నే వెళ్లండి. వస్తున్నట్టు ముందే ఫోన్ చేయాల్సి వస్తే, స్టార్ట్ చేయకుండా ఉంచమని గట్టిగా చెప్పండి. వెళ్లగానే చేయాల్సిన మొదటి పని, బోనెట్ పక్కనుంచి ఇంజన్ బ్లాక్ మీద అరచెయ్యి ఆనించడం. చల్లగా ఉండాలి. గోరువెచ్చగా తగిలిందంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. వేడెక్కిన ఇంజన్ అరిగిపోయినా ఒక్క తిప్పుకే అందుకుంటుంది.

ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట మా బావ బండి కొంటుంటే లెక్కలు తెలిసినవాడినని నన్ను వెంట తీసుకెళ్లాడు. ఎర్రటి రంగు, నల్లగా మెరిసే టైర్లు. ఇంజన్ వెచ్చగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ‘ఇప్పుడే పొలం నుంచి వచ్చింది’ అన్నాడు అమ్మేవాడు, మేం నమ్మాం. బురద చక్రాలకు అంటుకుని ఉందో లేదో కూడా చూడలేదు. మొదటి చలికాలం నుంచే పొద్దున పూట నలుగురు తొయ్యనిదే ఆ బండి కదిలేది కాదు. చివరికి ఇంజన్ దింపి, అరిగిన సిలిండర్లకు బోరు చేయించాల్సి వచ్చింది, సరిగ్గా విత్తనాల వారంలో. బావ ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

చల్లటి ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు పొగ చూడండి. కాసేపు తెల్లగా వచ్చి తగ్గిపోతే ఫరవాలేదు. ఇంజన్ వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ తింటోందని అర్థం. లోడు మీద నల్ల పొగ దట్టంగా వస్తే ఎయిర్ ఫిల్టరో, నాజిళ్లో, డీజిల్ పంపో చూడాలి. ఇవి ఇంజన్ విప్పకుండానే బాగుచేయించుకోవచ్చు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ మీద, లేదా పగిలిన హెడ్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి, మీగడ లాంటి పొర అంటుకుని ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో తేల్చుకోవాలి. బండి నడుస్తుండగా బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలేది) నుంచి పొగ ఉఫ్ ఉఫ్ మని కొడుతుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరిగాయి. అప్పుడు ఇంజన్ రీకండిషనింగ్ ఖర్చు మొత్తం ధరలోంచి తగ్గించాలి. సగం సగం పంచుకుందామంటే ఒప్పుకోకండి.

తర్వాత క్లచ్. ఈ బండ్లకు కారులా వేరే చట్రం ఉండదు. ఇంజను, గేర్‌బాక్స్, వెనక హౌసింగ్ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, అవే బండికి వెన్నెముక. అందుకే క్లచ్ ప్లేటు మార్చాలంటే బండిని నడుమ దగ్గర రెండుగా విడదీయాలి. ప్లేటు ధర చూసి ‘ఇంతేనా’ అనుకుంటాం, కూలి బిల్లు వచ్చాక తెలుస్తుంది. పెద్ద గేరులో వేసి, బ్రేకు తొక్కి, మెల్లగా క్లచ్ వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే క్లచ్ జారుతోంది. ఇంకోటి, 35 బండ్లలో కొన్నింటికి ఒకే క్లచ్, కొన్నింటికి రెండంచెల క్లచ్ ఉంటుంది. రెండంచెల క్లచ్‌లో పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది కానీ పీటీఓ, అంటే వెనక తగిలించిన యంత్రాన్ని తిప్పే షాఫ్టు, తిరుగుతూనే ఉంటుంది. ఒకే క్లచ్ అయితే పెడల్ తొక్కగానే పీటీఓ, దాంతో పాటు పనిముట్టును పైకెత్తే లిఫ్టు కూడా ఆగిపోతాయి, ఎందుకంటే హైడ్రాలిక్ పంపు తిరిగేది పీటీఓ షాఫ్టు మీదే. మీకు కల్టివేటర్, ట్రాలీ మాత్రమే అయితే ఒకే క్లచ్ చాలు. పీటీఓతో తిరిగే రోటావేటర్ లాంటివి తగిలించాలని ఉంటే రెండంచెలది కావాలి, అది కూడా పనిచేస్తుండాలి. కాగితం మీద ఒకే మోడల్ అయినా, మీ పనికి ఆ రెండు బండ్ల విలువ ఒకటి కాదు.

లిఫ్టు పరీక్షను చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఏమీ తగిలించకుండా లిఫ్టు చేతులను పైకి లేపి చూపిస్తే సరిపోదు, బరువైన పనిముట్టు తగిలించమనండి. ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక పైకెత్తి, ఇంజన్ ఆపేసి, పది నిమిషాలు పక్కన నిలబడండి. మెల్లగా కొంచెం దిగితే ఈ వయసు బండికి సహజం. చూస్తుండగానే నేలకు దిగిపోయినా, లేదా పైకెత్తినప్పుడు వణుకుతూ కిందికీ పైకీ ఊగినా, సీళ్లో సిలిండరో కవాటాలో అరిగాయి. దున్నేటప్పుడు లోతు నిలవదు. లిఫ్టు సరిగ్గా లేని ట్రాక్టర్‌తో మీకు ట్రాలీ లాగే పని తప్ప ఇంకేమీ కాదు.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. స్టీరింగ్ ఆట ఎంతుందో అటూ ఇటూ తిప్పి చూడండి. వెనక బ్రేకు డ్రమ్ముల అడుగున నూనె తడి ఉంటే ఇరుసు సీళ్లు కారి బ్రేకు లైనింగు తడుస్తోంది. ఆ లైనింగులు పాతవైతే ఆస్‌బెస్టాస్‌వి అయ్యుండొచ్చు, కాబట్టి ఆ దుమ్మును గాలి కొట్టి ఊదించకండి. గేర్ ఆయిల్ పాల టీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరాయి. గంటల మీటరును నమ్మకండి. కేబుల్ తెగితే అది ఆగిపోతుంది, ఎన్నాళ్ల కిందట తెగిందో ఎవరికీ తెలియదు. దానికంటే పెడళ్ల మీద అరుగుదల నిజం చెబుతుంది. కొత్త టైర్లు మంచివే, వెనక టైర్లు ఖరీదైన వస్తువు. కానీ రిమ్ముల దగ్గర, ముఖ్యంగా గాలి కొట్టే వాల్వు చుట్టూ తుప్పు చూడండి. బరువు కోసం టైర్లలో ఉప్పునీళ్ల లాంటి ద్రావణం నింపే అలవాటు పాత బండ్లలో ఉండేది, అది రిమ్మును లోపల్నుంచి తినేస్తుంది. ఇంజన్ నంబరు, బండి మీద కొట్టిన ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోవాలి. సరిపోకపోతే ధర ఎంత తగ్గించినా వద్దు.

ఖర్చు తక్కువగా అయ్యేవీ, కొంప ముంచేవీ వేరు చేసి రాసుకోండి. బ్యాటరీ, సెల్ఫ్, వైరింగ్, రేడియేటర్ గొట్టాలు, నాజిళ్లు, సీటు, ఇవన్నీ బేరానికి పనికొచ్చే లోపాలు. ఆ ఖర్చు తగ్గించుకుని కొనవచ్చు. పగిలిన బ్లాకు, గేర్లలో శబ్దం, వెనక హౌసింగులో వెల్డింగు అతుకు కనిపిస్తే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి. మీ మనిషి అనుకున్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, ఆయన పూట కూలి మీరే ఇవ్వండి. ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి మంచి ఖర్చు అదే.

ఒక విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. ఆ కాలపు 35కి బండి తిరగబడితే డ్రైవర్‌ను కాపాడే చట్రం ఉండదు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దాన్ని తప్పనిసరి చేసింది, బ్రిటన్ 1970లో చేసింది. వెనక్కి తిరగబడటానికి పట్టేది సెకను, సెకనున్నర, దూకే వ్యవధి ఉండదు. ఆ మోడల్‌కు సరిపోయేలా పరీక్షించి తయారుచేసిన చట్రం, సీటు బెల్టు కొనండి. తెలిసిన వెల్డరు చేత గొట్టాలు అతికించుకోవద్దు. ఆ ఖర్చు రిపేర్ల మూడో వంతులోంచే రావాలి. టర్మ్ జీవిత బీమా పాలసీ లేకపోతే బండి కంటే ముందు అది తీసుకోండి.

ఇక కొనడమా, కిరాయా. ఏడెకరాలు ఒకసారి కల్టివేటర్ తోలడానికి ఏడెనిమిది గంటలు వేసుకున్నా, అన్ని సాళ్లూ, ట్రాలీ పనులూ కలిపి మీ బండి ఏడాదికి వంద గంటలు నడవడమే కష్టం. రిపేర్లు, టైర్లకూ బ్యాటరీకీ ఏటా పక్కన పెట్టే సొమ్ము, బీమా, ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ, డీజిల్ అన్నీ కూడి వంద గంటలతో భాగించండి. బహుశా మీ కిరాయి ధర కంటే ఎక్కువే వస్తుంది. అయినా దాని మీదే తీర్పు చెప్పేయకండి. పదును తప్పినందువల్ల గత మూడేళ్లలో ఎంత పంట పోయిందో మీకు తెలుసు. ఆ నష్టాన్ని మూడుతో, ఆపైన వంద గంటలతో భాగించి కిరాయి ధరకు కలపండి. అప్పుడు కూడా కిరాయే చవక అనిపిస్తే, మీ ఆవిడ మాటే సరైనది. కిరాయి ఆయనకు కొంత ముందుగా ఇచ్చి రోజు ఖాయం చేసుకోండి. కొనడమే మేలని తేలితే, ఏడాదికి వంద గంటల పనికి ఈ పాత బండి బాగానే సరిపోతుంది. ఊళ్లో వాళ్లకు కూడా కిరాయికి తోలి డబ్బు రాబడదామని మాత్రం అనుకోకండి. ఆ వయసు బండి రోజూ పది గంటల పని మోయలేదు, ఆ రాబడి మెకానిక్ చేతికే వెళ్తుంది.

రుణం గురించి అడిగారు. ఇంత పాత బండిని తాకట్టుగా పెట్టుకుని వాహన రుణం ఇవ్వడానికి చాలా సంస్థలు ముందుకు రావు, అందుకే మీ ఆలోచన వ్యక్తిగత రుణం మీదికి వెళ్లి ఉంటుంది. దాని వడ్డీ ఎక్కువ. వాయిదా నెలనెలా వస్తుంది, పంట డబ్బు మాత్రం కోత తర్వాతే వస్తుంది. బండి రిపేరులో ఉన్న నెల కూడా వాయిదా ఆగదు. తీసుకోవద్దు. కాగితం మీద రాసుకున్న అంకెకు ఆయన దిగితే కొనండి, దిగకపోతే ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేయండి. ఇలాంటి బండ్లకు కొనేవాళ్లు రోజూ రారు, రెండు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేసే అవకాశం ఉంది. అప్పుడు కూడా పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉండగానే.