ప్రశ్నలు – జవాబులు: బాంబు పక్కన కొలత గదులు

ప్రశ్న: పసిఫిక్ దీవుల్లో అణు పరీక్షలప్పుడు బాంబుకు రెండు మూడు కిలోమీటర్లలోనే పరికరాలు పెట్టారని చదివాను. అవి మాడి మసైపోవా? కొలతలు ఎలా దక్కాయి?

జవాబు: చాలా పరికరాలు పోతాయి. పోతాయని తెలిసే పెడతారు. అవి పోయేలోపు కబురు గట్టి గోడల గదికి చేరాలి, అంతే. 1952 నవంబరు 1న మార్షల్ దీవుల్లోని ఎనెవెటాక్‌లో అమెరికా చేసిన ‘మైక్’ పరీక్ష (10.4 మెగాటన్నులు, అంటే కోటి టన్నుల పైచిలుకు టీఎన్‌టీ మందుగుండుకు సమానం) చూడండి. పేలుడు ఎలుగెలాబ్ దీవి మీద. కొలత గది దాదాపు 2.7 కిలోమీటర్ల దూరంలో, బోగన్ దీవి మీద. మధ్య దీవులను కట్ట పోసి కలిపి, ఆ పొడవునా ప్లైవుడ్డు సొరంగం కట్టి, దాని నిండా హీలియం నింపిన పాలిథిన్ బెలూన్లు పేర్చారు. మామూలు గాలి గామా కిరణాలనూ న్యూట్రాన్లనూ దారిలోనే మింగేస్తుంది, పక్కలకు చెదరగొడుతుంది. హీలియం బాగా పలుచన కాబట్టి ఎక్కువ భాగం తిన్నగా వస్తుంది.

ఇప్పుడు లెక్క వేయండి. గామా కిరణాలు కాంతి వేగంతో వెళ్తాయి కాబట్టి 2.7 కిలోమీటర్లకు 9 మైక్రోసెకన్లు చాలు. సంలీనంలో (తేలిక పరమాణు కేంద్రకాలు కలిసిపోవడం) పుట్టిన 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది కణాల శక్తికి కొలమానం) న్యూట్రాన్‌కు 50 మైక్రోసెకన్ల పైచిలుకు పడుతుంది. శక్తి తక్కువున్నవి ఇంకా వెనకబడతాయి. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే ఎంత శక్తితో బయల్దేరిందో తేలిపోతుంది. పేలుడు కెరటానికి అదే దూరం దాటడానికి ఒక సెకను అటూ ఇటూ కావాలి. ఎలక్ట్రానిక్ పరికరానికి ఆ సెకను బోలెడంత సమయం.

గదిలో సంకేతం ఆసిలోస్కోప్ (విద్యుత్ సంకేతాన్ని గీతగా చూపే పరికరం) తెర మీద గీతగా పడుతుంది, ఎదురుగా ఉన్న కెమెరా దాన్ని ఫిల్ముకు ఎక్కిస్తుంది. ఒకే గీత, ఒకే అవకాశం. చిక్కంతా సంకేతం పెరిగే తీరులో ఉంది. గొలుసు చర్య సాగుతున్నంతసేపూ అది లక్షల రెట్లు పెరుగుతుంది, ఏ ఒక్క తెరా అంత వ్యత్యాసాన్ని చూపలేదు. అందుకే ఒకే సంకేతాన్ని వేర్వేరు స్థాయిల్లో తగ్గించి, వరసగా చాలా స్కోపులకు ఇస్తారు. ఒక దాని పరిధి ముగియకముందే పక్కదాని పరిధి మొదలవ్వాలి. ఆ వరస తప్పితే అసలు కావలసిన ముక్కే ఖాళీగా మిగులుతుంది. కాలాన్ని కొలవడానికి భౌతిక శాస్త్రవేత్త బ్రూనో రోసీ పద్ధతి వాడేవారు: ఒక అక్షం మీద సంకేతం, రెండో అక్షం మీద తెలిసిన పౌనఃపున్యంతో ఊగే తరంగం. ఒక్కో ఊపుకు గీత ఎంత ఎత్తు పెరిగిందో కొలిస్తే చర్య పెరిగే వేగం వస్తుంది.

గోడలు నిలిచినంత మాత్రాన పని అయిపోలేదు. రేడియేషన్ ఫిల్మును నల్లబరుస్తుంది. అందుకే దాన్ని సీసం కవచంలో పెట్టడం, బయట రేడియేషన్ కాస్త దిగగానే హెలికాప్టర్లో వెళ్లి తెచ్చుకోవడం.

ప్రశ్న: రాయే దొరకని పగడపు దీవిలో అంత కాంక్రీటు ఎలా పోశారు?

జవాబు: పగడాన్నే కంకరగానూ ఇసుకగానూ వాడారు. సిమెంటు, ఇనుము, యంత్రాలు ఓడలో వచ్చేవి. పగడపు కంకర సన్న రంధ్రాలతో ఉంటుంది, నీళ్లు పీల్చేస్తుంది. పొడిగా కలిపితే మిశ్రమంలోని నీటిని లాగేసి, పోసే లోపే బిగుసుకుంటుంది. ముందే తడిపి, పైతడి ఆరాక కలపాలి. బరువు కూడా గ్రానైటు కాంక్రీటు కన్నా తక్కువ. గామా కిరణాలను ఆపేది ప్రధానంగా బరువే కాబట్టి గోడ మందం పెంచాలి, లేదా పైన ఇసుక గుట్ట పోయాలి. ఏటవాలుగా పోసిన గుట్ట మీదుగా పేలుడు గాలి జారిపోతుంది కూడా. తలుపు ఎప్పుడూ బాంబుకు వెనుక వైపే.

అసలు శత్రువు ఉప్పు. సముద్రపు నీటితో కలిపితే కాంక్రీటు తొందరగా గట్టిపడుతుంది, మొదట్లో ఏ తేడా కనిపించదు. లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బాక పై పొర పెచ్చులుగా ఊడుతుంది. కొన్ని వారాల్లో పేలుడు ఉన్న గదికి అది పెద్ద సమస్య కాదు. పదుల ఏళ్లు నిలవాల్సిన కట్టడానికి మాత్రం ఊచల మీద కాంక్రీటు మందం విషయంలో బేరాలు వద్దు.

ప్రశ్న: మనుషులు లేని గదిలో పరికరాలను సరిగ్గా క్షణానికి ఎవరు నడిపేవారు?

జవాబు: ఈజీ అండ్ జీ సంస్థ నడిపిన సమయ సంకేతాలు. పేలుడుకు 30, 15, 5, 1 నిమిషాల ముందు, తర్వాత 30, 15, 5, 1 సెకన్ల ముందు తీగల మీదుగా సంకేతం వచ్చి రిలేలను (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) మూసేది. అప్పటివి వాల్వు పరికరాలు, వేడెక్కి స్థిరపడటానికి సమయం కావాలి, కాబట్టి తొలి సంకేతాలు వాటికి. ఫిల్ము వేగంగా తిరిగే కెమెరాలకు చివరివి. ముందే మొదలుపెడితే బాంబు పేలే సరికి రీలు ఖాళీ.

తీగ చేరని చోట్ల ‘బ్లూ బాక్స్’ పెట్టేవారు. బాంబు వెలుగు పడగానే అందులోని ఫోటో సెల్ (వెలుగును పసిగట్టే భాగం) రికార్డరును నడిపిస్తుంది. వెలుగుకు ముందు జరిగేది దానికి దొరకదు. తేమ చొరబడ్డ కేబుల్ అతుకు ఇంకో తలనొప్పి: ఒంటరిగా పరీక్షిస్తే బాగానే ఉంటుంది, అసలు సమయానికి సంకేతాన్ని పాడుచేస్తుంది. కేబుల్‌ను కందకంలో పాతడం కూడా పేలుడు గాలికి ఒక్కదానికే భయపడి కాదు, గామా కిరణాలు కేబుల్‌లోనే దొంగ విద్యుత్తును పుట్టిస్తాయి కాబట్టి.

ప్రశ్న: కరెంటే అక్కర్లేని పరికరాలు ఉండేవా?

జవాబు: ఉండేవి. మా అభిప్రాయంలో వాటికి రావలసినంత పేరు రాలేదు. వేర్వేరు సైజుల రంధ్రాల మీద పల్చటి రేకు బిగించి వదిలేస్తారు. పెద్ద రంధ్రం మీది రేకు తక్కువ ఒత్తిడికే చిరుగుతుంది, చిన్నదానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. ఎంత వరకు చిరిగాయో చూస్తే గరిష్ఠ ఒత్తిడి ఏ రెండు విలువల మధ్య ఉందో తెలుస్తుంది. 1946 జూలై 1న మార్షల్ దీవుల్లోనే ఉన్న బికినీలో ‘ఏబుల్’ బాంబు గురి నుంచి సుమారు 650 మీటర్లు పక్కకు పడింది. గురిని నమ్ముకుని అమర్చిన పరికరాలకు అది పెద్ద దెబ్బ. బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం పెన్నీ ఖాళీ డబ్బాలు నలిగిన తీరు నుంచి పేలుడు ఒత్తిడిని లెక్కగట్టాడు. చవక కాబట్టి చాలా చోట్ల పెట్టొచ్చు, బాంబు ఎటు పడ్డా కొన్నైనా అక్కరకొస్తాయి.

ప్రశ్న: ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఎక్కువగా తప్పేది ఎక్కడ?

జవాబు: పరికరం ఎంత వరకు కొలవగలగాలో, ఆ పరిధి ఎంచుకోవడంలో. 1954 మార్చి 1న బికినీలో ‘బ్రావో’ను సుమారు 6 మెగాటన్నులని అంచనా వేశారు, వచ్చింది 15. ఇంధనంలోని లిథియం-7 ఊరికే ఉంటుందనుకున్నారు. అది న్యూట్రాన్ల దెబ్బకు విడిపోయి, సంలీనానికి ఇంధనమయ్యే ట్రిటియం (బరువైన హైడ్రోజన్) ఇచ్చింది. పేల్చిన బృందం ఎన్యూ దీవిలో దాదాపు 32 కిలోమీటర్ల దూరాన ఇసుక కప్పిన కాంక్రీటు గదిలో ఉంది. గది నిలిచింది గానీ బయట రేడియోధార్మిక ధూళి రాలడంతో వాళ్లు లోపలే ఇరుక్కుపోయారు, సాయంత్రానికి గానీ హెలికాప్టర్లు వాళ్లను తీసుకెళ్లలేకపోయాయి.

రొంగెరిక్ దీవి వాతావరణ కేంద్రంలో 28 మంది అమెరికన్లు ఉన్నారు. అక్కడి ఆటోమేటిక్ గామా మీటరు గరిష్ఠంగా గంటకు 100 మిల్లీరాంట్జెన్లే (రాంట్జెన్ రేడియేషన్‌కు కొలమానం) చూపగలదు. పేలిన ఏడు గంటలకు ముల్లు చివరికి కొట్టుకుని ఆగిపోయింది. ఆ తర్వాత స్థాయి ఎంత పెరిగిందో చెప్పే దారి ఆ మీటరుకు లేదు. అలాంటి చోట పెద్ద పరిధి మీటరు ఇంకొకటి పక్కనే ఉండి తీరాలి. ఖర్చు ఎక్కువని దాన్ని మానుకోకూడదు, అది దండగ అనిపించే పరీక్షలే ఎక్కువైనా సరే.