ప్లేగు కాలంలో బొంబాయి జనం ఆసుపత్రి మీద ఎందుకు దాడి చేశారు?

"1896లో బొంబాయిలో ప్లేగు వస్తే, వైద్యం చేసే ఆసుపత్రి మీదే మిల్లు కార్మికులు దాడి చేశారట. చదువు లేకపోవడం, మూఢనమ్మకం వల్లేనా?" అని అడిగారు. కాదని నా జవాబు. ఎందుకు కాదో మా ఇంట్లో జరిగిన సంగతితో కలిపి చెప్తాను.

నేను కామాఠిపురలో పుట్టి పెరిగాను. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిలో ఇళ్లు, రోడ్లు కట్టిన కామాఠీల వల్లే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. వాళ్లలో ఎక్కువ మంది తెలుగువాళ్లు. మా ముత్తాత కూడా అలా వచ్చినవాడే.

1896 సెప్టెంబరులో డాక్టర్ అకాసియో వియెగాస్ మొదటి కేసును మాండ్వీలో గుర్తించారు. మాండ్వీ రేవును ఆనుకొని ఉన్న పేట, నిండా ధాన్యం గోదాములు. మనుషుల కంటే ముందు అక్కడ ఎలుకలు చచ్చాయి. రెండేళ్ల ముందే హాంకాంగ్‌లో ప్లేగు క్రిమిని కనిపెట్టారు. అయితే అది మనిషికి ఎలా అంటుతుందో అప్పటికి ఎవరికీ తెలీదు. ఎలుక ఒంటి మీద ఉండే రక్తం తాగే చిన్న పురుగే దాన్ని మోస్తుందని ఫ్రెంచ్ వైద్యుడు పాల్ లూయీ సిమోన్ కరాచీలో చూపించింది 1898లో. 1896లో ఆ సంగతి తెలీదు కాబట్టి అధికారులు మురికితో యుద్ధం మొదలుపెట్టారు. కార్బాలిక్ ఆమ్లం కలిపిన సముద్రపు నీటిని మోరీల్లో పారించారు, గోడలకు సున్నం కొట్టించారు, వెలుతురు రావాలని పైకప్పు పెంకులు పీకించారు. మనుషులు ఉండటానికి పనికిరావని తేల్చిన ఇళ్ల మీద 'యు.హెచ్.హెచ్.' అని ఇంగ్లీషు అక్షరాలు రాశారు. ఆ ఇంట్లోవాళ్లు మరి ఎక్కడికి పోవాలి? దానికి మాత్రం జవాబు లేదు.

అసలు గొడవ అక్టోబరు 6న మొదలైంది. మునిసిపల్ కమిషనర్ స్నో 1888 నాటి మునిసిపల్ చట్టాన్ని పట్టుకొని, అనుమానం ఉన్న రోగిని ఇంట్లోవాళ్లు వద్దన్నా ఆసుపత్రికి తీసుకుపోవచ్చని ఉత్తర్వు ఇచ్చాడు. రోగులను తీసుకెళ్లింది ఆర్థర్ రోడ్ ఆసుపత్రికి. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. జబ్బు ముదిరాక తీసుకుపోయేవారు, పైగా ఆ రోజుల్లో దానికి మందు లేదు. కానీ ఇంట్లోవాళ్ల వైపు నుంచి చూడండి. మనిషి నడుచుకుంటూ వెళ్లాడు, తర్వాత కబురు లేదు, శవం కూడా చేతికి వస్తుందో రాదో తెలీదు. లోపల చంపేస్తున్నారని, శరీరంలోంచి నూనె తీస్తున్నారని పుకార్లు పుట్టాయి. అక్టోబరు 29న దాదాపు వెయ్యి మంది మిల్లు కార్మికులు ఆసుపత్రి మీద పడ్డారు.

మా నాయినమ్మ ఒక మాట చెప్పేది. దాన్ని తన అత్త నోట విన్నదట. తనిఖీవాళ్లు గల్లీలోకి వస్తున్నారని తెలిసి, జ్వరంతో కాలిపోతున్న ముత్తాత తమ్ముడిని జొన్న బస్తాల వెనక పడుకోబెట్టి, మీద గొంగడి కప్పారట. ఆ రాత్రే ఆయన పోయాడు. "చేతిలో పోయిండు, అదే చాలు" అనేవారట ఇంట్లో. చిన్నప్పుడు ఆ మాట నాకు మొరటుగా అనిపించేది.

2020 మే నెలలో దాని అర్థం తెలిసింది. బాపుకు, అంటే మా నాన్నకు, డెబ్బై ఒక్క ఏళ్లు. కరోనా పాజిటివ్ అని ఫోన్ వచ్చిన గంటకే అంబులెన్స్ వచ్చింది. మేం ఆరుగురం ఒకటే గదిలో ఉంటాం, పంపించక తప్పదు, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. మొదట ఒక క్వారంటైన్ కేంద్రానికి తీసుకెళ్లారు. రాత్రికి అక్కడ లేడన్నారు. వేరే ఆసుపత్రికి పంపామన్నారు. ఆ ఆసుపత్రివాళ్లు అలాంటి పేరు జాబితాలో లేదన్నారు. బాపు ఫోన్ చార్జింగ్ అయిపోయింది. రెండు రోజులు, మూడు రాత్రులు. ఆ టెన్షన్ ఎలాంటిదో రాయడం నాకు చేతకాదు. నేను డిగ్రీ చదివాను, వైరస్ అంటే ఏమిటో తెలుసు. అయినా మూడో రాత్రి నా బుర్రలో తిరిగినవి 1896లో మిల్లు కార్మికుల నోట తిరిగిన పుకార్లే. అవయవాలు తీస్తున్నారేమో అని మా చెల్లి పైకే అనేసింది. ఎవరం ఆమెను తిట్టలేదు.

చివరికి ఒక వార్డు బాయ్ తన సొంత ఫోన్ నుంచి కలిపి బాపుతో మాట్లాడించాడు. ఒక్క నిమిషమే. ఆ తర్వాత పది రోజులు ఆసుపత్రిలోనే ఉన్నా మాకు భయం వేయలేదు.

అందుకే మూఢనమ్మకం అనే మాటను నేను ఒప్పుకోను. వాళ్లు ఎదిరించింది వైద్యాన్ని కాదు, కబురు లేకుండా మనిషిని మాయం చేసే పద్ధతిని. దాడి జరిగిన మర్నాడే స్నో ఉత్తర్వును సడలించాడు. నగరంలో మరుగుదొడ్లు శుభ్రం చేసే హలాల్‌ఖోర్లు భయపడి ఊరు విడిచిపోతే బొంబాయిలో ఎవరూ ఉండలేరని ఆయనకు తెలుసు. అధికారం ఎవరి చేతుల మీద నిలబడిందో ఆ ఒక్క నెలలో బయటపడింది. కానీ 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం తెచ్చి, మార్చిలో సైనికాధికారి జనరల్ గెటాక్రే కింద ప్లేగు కమిటీని పెట్టి మళ్లీ ఇళ్ల మీదికి వెళ్లారు. 2020 మార్చిలో మన రాష్ట్రాలు బయటికి తీసింది ఆ చట్టాన్నే. 1897 ఫిబ్రవరి నాటికే బొంబాయిలోని 8 లక్షల పైచిలుకు జనంలో సగానికి దగ్గరగా ఊరు వదిలిపోయారు. మా ముత్తాత కూడా పోయి, రెండేళ్ల తర్వాత తిరిగొచ్చాడు. 1891 జనాభా లెక్కల్లో 8.21 లక్షలున్న నగరం 1901కి 7.76 లక్షలకు తగ్గింది.

ఆ తర్వాత కులాలవారీగా, మతాలవారీగా సొంత ప్లేగు ఆసుపత్రులు పెట్టుకోనిచ్చారు. పక్కన మనవాళ్లు కూర్చోవచ్చు, మన వంట తినొచ్చు అనేసరికి అంతకుముందు దాక్కున్న జనమే అక్కడికి వెళ్లారు. వాళ్లు ఎదిరించింది వైద్యాన్ని కాదనడానికి అదే రుజువు. శాస్త్రవేత్త హాఫ్కిన్ బొంబాయిలోని బైకల్లాలో తయారుచేసిన ప్లేగు టీకా సంగతీ అంతే. ఆయన 1897 జనవరిలో మొదట తన ఒంటికే వేసుకున్నాడు. ఖోజా ముస్లింల మతపెద్ద ఆగాఖాన్ అందరి ముందూ వేయించుకుని చూపించాక, ఆ సమాజంలో చాలామంది ముందుకొచ్చారు. కులం పేరుతో ఆసుపత్రి ఏమిటని ఇవాళ మనకు అనిపిస్తుంది, నాకూ నచ్చదు. కానీ అప్పటి మనిషికి లోపలికి వెళ్లే ధైర్యం ఇచ్చింది అదే.

బొంబాయి, సోలాపూర్ మిల్లుల్లో పనిచేసిన పెద్దలు మీ ఇళ్లలో ఉంటే, వాళ్లు విన్న ప్లేగు కబుర్లు అడిగి కింద రాయండి. కామాఠీల వైపు కథ పుస్తకాల్లో నాకు చాలా తక్కువ దొరికింది.