చందమామలో విక్రమార్కుడు, బేతాళుడి బొమ్మ వేసింది ఎవరు? వపానా, బాపునా?

ఇద్దరూ కాదు, ఆ బొమ్మ శంకర్‌ది. పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో పుట్టిన తమిళ చిత్రకారుడు, 1950ల మొదట్లో మద్రాసులో చందమామలో చేరి దశాబ్దాల పాటు అక్కడే బొమ్మలు వేశారు. 2020లో కన్నుమూశారు, పద్మశ్రీ ఆ మరుసటి ఏడాది వచ్చింది, ఆలస్యంగానే.

పొరపాటు ఎక్కడొస్తుందంటే, చందమామ అనగానే మనకు రంగుల అట్ట గుర్తొస్తుంది. ఎన్నో ఏళ్లు ఆ అట్టలు వేసింది వడ్డాది పాపయ్య, అంటే వపా. దాంతో లోపలి బొమ్మలూ ఆయనవే అనుకుంటారు. బాపు కూడా చందమామకు వేశారు కాబట్టి ఇంకొందరు ఆయన పేరు చెబుతారు. నిజానికి లోపలి పేజీల భారం ఎక్కువగా మరో చిత్రకారుడు చిత్రా, శంకర్‌లదే.

కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత సంచిక దొరికితే బేతాళ కథ తీసి చూడండి. ఒక చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. కథ నెలనెలా మారినా దాని మొదట్లో వచ్చే ఆ బొమ్మ మాత్రం అలాగే ఉండేది. అందుకే కథలు మరిచిపోయినవాళ్లకు కూడా విక్రమార్కుడంటే ఆ రూపమే.

వపా గీత వేరు: ఒంపులు, మెత్తటి రంగులు. పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలిసిపోతుంది.