బాయెసాలో మచాదో కంచు తల ఎక్కడుందంటే

స్పెయిన్‌లోని బాయెసా ఊళ్లో స్పానిష్ కవి ఆంతోనియో మచాదో కూర్చున్న విగ్రహం దొరికింది గానీ, ఫొటోల్లో చూసిన కంచు తల కనిపించలేదన్నారు కదా. అవి రెండూ వేర్వేరండి. బెంచీ మీద కూర్చున్నది ఊరి నడుమ, సాన్ పాబ్లో వీధిలో ఉంది. శిల్పి పాబ్లో సెర్రానో చేసిన తల ఊరి దక్షిణపు అంచున, పాత గోడల వెంట సాగే పసేయో దె లాస్ మురాయాస్ మీద ఉంది. మ్యాపులో కవి పేరు కాకుండా ఆ బాట పేరు కొట్టండి. కథెడ్రల్ నుంచి నడిచే వెళ్లొచ్చు. ఎదురుగా గ్వాదల్‌కివిర్ లోయ, కనుచూపుమేర ఆలివ్ తోటలు.

రెంటిలో ఒక్కదానికే టైముంటే ఈ తలే చూడండి. 1966 ఫిబ్రవరిలో దీన్ని ఆవిష్కరించబోతే అప్పటి నియంత ఫ్రాంకో పోలీసులు జనాన్ని లాఠీలతో చెదరగొట్టారు. 1983లో గానీ ఇది ఇక్కడికి చేరలేదు.

పాత విశ్వవిద్యాలయంలో మచాదో 1912 నుంచి 1919 దాకా ఫ్రెంచి చెప్పిన తరగతి గదిని అలాగే ఉంచారు. మధ్యాహ్నం మూసే అవకాశముంది, పొద్దున్నే వెళ్లండి.

రైల్లో వస్తే ఒక జాగ్రత్త: లినారెస్-బాయెసా స్టేషన్ ఊళ్లో లేదు, అక్కణ్నుంచి బస్సో టాక్సీయో పట్టాలి. ఆయన భార్య లెయొనోర్ సమాధి కోసం ఇక్కడ వెతక్కండి, అది సోరియా అనే వేరే ఊళ్లో ఉంది.